రేసు కారు రోడ్డెక్కాలంటే: షెడ్డు నుంచి జవాబులు

పోయిన సంచికలో టైర్ల గాలి గురించి రాస్తూ, రేసు కారు టైరు మీద గీతలు ఎందుకుండవో నాలుగు ముక్కలు చెప్పాను. ఆ నాలుగు ముక్కలకే ఉత్తరాలు ఇంత కట్ట వచ్చాయి. చాలావాటిలో అడిగింది ఒకటే: రేసు కోసమే చేసిన కారుని మన రోడ్డు మీద, చేతిలో కాగితాలు పెట్టుకుని, దర్జాగా నడపగలమా అని. 1984 నుంచి 1988 దాకా నేను మద్రాసులో ఒక గ్యారేజీలో పనిచేశాను. షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగినప్పుడల్లా మా మేస్త్రి వెనకాల పానాల పెట్టె మోసుకుని వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత రావులపాలెం వచ్చి షెడ్డు పెట్టుకున్నాను. ఆ బండ్లూ చూశాను, ఈ రోడ్లూ చూస్తున్నాను. అందుకని ఈసారి పేజీ అంతా దీనికే.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న తొమ్మిదిమందిమి కలిసి కాలేజీ వర్క్‌షాపులో ఒంటి సీటు ఫార్ములా కారు తయారుచేశాం. కేటీఎం 390 బైకు ఇంజను పెట్టాం. సంక్రాంతికి కాలేజీ నుంచి ఊళ్ళోకి మూడు కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్దామని మా ఆశ. ముందొక బైకు, వెనకొక కారు కాపలా పెడతాం. తప్పవుతుందా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: మీరు పంపిన ఫొటో భూతద్దం పెట్టి చూశాను బాబూ. ముందు సస్పెన్షన్ చేతుల దగ్గర వెల్డింగు వరస చాలా శుభ్రంగా ఉంది. చెయ్యి తిరిగినవాడు చేసిన పని అది. మీ తొమ్మిదిమందికీ నా అభినందనలు.

రోడ్డు మీదికి మాత్రం తేవద్దు. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు, బండి యజమాని నడపనివ్వకూడదు. మూడు కిలోమీటర్లయినా మూడు గజాలయినా ఒకటే. 192వ సెక్షన్ కింద మొదటిసారికే 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా.

పోనీ రిజిస్ట్రేషన్ చేయించేద్దాం అంటారేమో. అక్కడే అసలు చిక్కు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది ఏమంటుందంటే, బండి తయారుచేసేవాడు ముందు దాని నమూనాని పుణెలో ఉన్న ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థకి అప్పగించాలి. బ్రేకు, పొగ, శబ్దం, లైట్లు, ఇలా ఒక్కొక్కటీ నెగ్గాలి. ఆ నమూనా నెగ్గితే అదే అచ్చులో పోసిన వేల బండ్లకి మన ఆర్టీవో ఆఫీసులో నంబర్లు వస్తాయి. అంటే మన చట్టం మోడల్ని పరీక్షిస్తుంది. మీ ఇంట్లో చేసుకున్న ఒకే ఒక్క బండిని తీసుకెళ్ళి బ్రేకు ఇనస్పెక్టరు గారి ముందు పెడితే, ఆయనకి ఎంత ముచ్చటేసినా నంబరు ఇచ్చే దారి ఆయన చేతిలో లేదు. డీలర్లు వాడే టి.సి. (ట్రేడ్ సర్టిఫికెట్) నంబరు కూడా తయారీదారులకీ వ్యాపారులకీ ఇచ్చేదే, కాలేజీ పిల్లలకి వర్తించదు. నంబరు లేదు కాబట్టి ఇన్సూరెన్సు లేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ డబ్బు మీ నాన్నగారి చేలోంచి రావాలి.

చట్టం పక్కన పెట్టి ఇంకో మాట చెబుతాను. మీ కారులో కూర్చున్న కుర్రాడి కన్ను నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. టేపు పెట్టి కొలుచుకోండి. తర్వాత బస్టాండుకి వెళ్ళి ఆర్టీసీ బస్సు వెనక చక్రం పక్కన గొంతుకూర్చుని చూడండి. మీ మొహానికి ఎదురుగా ఏముంటుంది? చక్రం బోల్టులు. ఆ ఎత్తున ఉన్నవాణ్ణి డ్రైవరు తన అద్దంలో చూడలేడు. కాపలాగా ముందు బైకున్నా సందులోంచి సైకిలు మీద వచ్చే పిల్లకి మీరు కనపడరు. పైగా మీ ఉండి రోడ్డు మీద చేపల వ్యాన్లు ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. ఆ జిడ్డు తడి మీద గీతల్లేని టైరు ఎలా జారుతుందో మీకు తెలియాల్సిన పనిలేదు, తెలియకూడదు కూడా.

సంక్రాంతికి ట్రాక్టరు తొట్టె మీద ఎక్కించి, చక్రాలకి తాళ్ళు బిగించి, బంతిపూల దండ వేసి ఊరేగించండి. ఇంజను కాలేజీ గ్రౌండులో స్టార్టు చేసి చూపించండి. ఆ చప్పుడు వినడానికి ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. నడపడానికి ఫార్ములా భారత్ పోటీ ఉంది, సుప్రా ఎస్ఏఈ ఇండియా ఉంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే, నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్ మీలాంటి వాళ్ళ కార్లని చూసినవే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటున్నాడు. తలుపులూ పైకప్పూ లేని రేసు కారొకటి నంబరు ప్లేటుతో పెట్రోలు బంకులో ఆగి ఉంటే ఫొటో తీసి పంపాడు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? అదే కారు కొని ఇక్కడికి తెప్పించుకుంటే?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఫొటోలో ఉన్నది ఏరియల్ ఆటమ్. మీ అబ్బాయి చూసింది నిజమేనండి. ఇంగ్లండులో ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ అని ఒక పరీక్ష ఉంది. ఇంట్లో విడిభాగాలు బిగించి చేసుకున్న కారయినా, ఒక్కటంటే ఒక్క బండిని తీసుకెళ్ళి దాని మంచిచెడ్డలు చూపించుకోవచ్చు. బ్రేకులు, పొగ, శబ్దం, అద్దాలు, లైట్లు అన్నీ చూస్తారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. కారు బయట మనిషికి తగిలే అంచులన్నీ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రంతో ఉండాలి. ప్రతి బోల్టు తలా, బ్రాకెట్ మూలా తడిమి చూస్తారు. రోడ్డు మీద నడిచే మనిషికి పొరపాటున తగిలినా చర్మం చీరుకుపోకూడదని. కారు ఎంత వేగంగా పోతుందని వాళ్ళు అడగరు, పక్కవాడి ఒంటికి ఏమవుతుందని అడుగుతారు.

రాడికల్ అనే కంపెనీ ఎస్ఆర్8 అని ఒక కారు చేసింది. చూడ్డానికి అచ్చం ట్రాక్ బండే. 2009లో ఆ కారుని ఇంగ్లండు నుంచి రోడ్డు మీదే నడుపుకుంటూ జర్మనీ వెళ్ళి, నూర్‌బర్గ్‌రింగ్ అనే రేసు ట్రాకు చుట్టుని 6 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశారు. ఇండికేటర్లూ నంబరూ ఉన్న బండి!

దీనికంటే పాత కథ ఒకటి చెబుతాను, మన గోదావరి వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1970, 71ల్లో ఫ్రాన్సులో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన కారు పోర్షే 917. పన్నెండు సిలిండర్లు. అందులో ఒకదాన్ని మార్టిని రోసీ అనే మద్యం కంపెనీ కుటుంబానికి చెందిన కౌంట్ రోసీ తన సొంతానికి కావాలన్నాడు. కంపెనీ వాళ్ళు సైలెన్సరు, ఇండికేటర్లు, అద్దాలు, తోలు సీట్లు బిగించి ఇచ్చారు. యూరప్‌లో ఎవరూ నంబరు ఇవ్వలేదు. చివరికి అమెరికాలో అలబామా రాష్ట్రం ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఆ కారు అలబామా గడ్డ మీదికి రాకూడదు! 1975లో ఆ అలబామా ప్లేటు తగిలించుకుని ఆయన స్టుట్‌గార్ట్ నుంచి పారిస్ దాకా నడుపుకుంటూ వెళ్ళాడు.

మనకి యానాం ఉంది కదా అని వెంటనే మీకు తోస్తుంది, నాకు తెలుసు. పన్ను తక్కువని పీవై-04 నంబరు వేయించుకున్న కార్లు మన వంతెనల మీద రోజూ కనపడతాయి. యానాంలో పన్ను వేరు కావచ్చు గానీ చట్టం అదే. అక్కడి అధికారి కూడా అదే 126వ నిబంధన చూస్తారు. పైగా వేరే రాష్ట్రపు నంబరున్న బండిని ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే.

తెప్పించుకోవడం సంగతి. వాడిన కారయితే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, మన నిబంధనలకి సరిపోతుందని కాగితం ఉండాలి. తలుపుల్లేని బండికి ఆ కాగితం దగ్గరే ఆగిపోతారు. అంత ఖర్చు పెట్టగలిగితే మీరే ఒకసారి ఇంగ్లండు వెళ్ళి, మీ అబ్బాయి పక్కన కూర్చుని ఆ కారులో తిరిగి రండి. అక్కడ అద్దెకి కూడా ఇస్తారు.

ప్రశ్న: సరే, ఎవరో నంబరు ఇచ్చేశారనుకుందాం. మిషను పరంగా చెప్పండి. రేసు కారు మన రోడ్డు మీద నడుస్తుందా?
– ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థి, తణుకు

జవాబు: ఈ కట్టలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది.

టైరు దగ్గర మొదలుపెడదాం. రేసు టైరు రబ్బరు వేడెక్కితేనే పట్టు ఇస్తుంది. దాదాపు ఎనభై, తొంభై డిగ్రీలకి వచ్చాక అది జిగురులా అంటుకుంటుంది. షోలవరంలో రేసు అయిపోయి వచ్చిన టైరు మీద నేను అరచెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది, చెయ్యి తీస్తే బెల్లం పాకంలా చర్మానికి సాగింది. అదే టైరు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు గోరుతో కొట్టి చూస్తే కొబ్బరి చిప్ప చప్పుడు. ఊళ్ళో నలభై మీద పోతే ఆ వేడి ఎప్పటికీ రాదు. ఇక వానొచ్చిందంటే, నీళ్ళు పక్కకి తోసే గాట్లు లేవు కాబట్టి కారు నీటి పొర మీద పడవలా తేలుతుంది.

బ్రేకులదీ అదే కథ. పెద్ద రేసు కార్లలో కార్బన్ బ్రేకులుంటాయి. అవి కొన్ని వందల డిగ్రీల వేడిలో పనిచేసే సరుకు. చల్లగా ఉండగా పెడలు తొక్కితే చెక్క దుంగని తొక్కినట్టుంటుంది, బండి ఆగదు.

రేడియేటరుకి ఫ్యాను ఉండదు. గాలి తనంతట తాను వచ్చి కొట్టాలి, అంటే కారు పోతూనే ఉండాలి. మీ తణుకు రైల్వే గేటు పడిందనుకోండి, గూడ్సు బండి వెళ్ళేలోగా నీళ్ళు మరిగిపోతాయి. ఫార్ములా వన్ ఇంజన్లయితే మరీ సున్నితం. లోపలి భాగాల మధ్య సందు ఎంత తక్కువంటే, చల్లగా ఉన్నప్పుడు ఆ ఇంజను తిరగనే తిరగదు. వేడి నీళ్ళూ వేడి నూనే బయటి నుంచి పంపి, ఒళ్ళు కాచాకే స్టార్టు చేస్తారు. పొద్దున్నే పాల కేంద్రానికి వెళ్ళడానికి పనికొచ్చే బండి కాదది.

స్టీరింగు పూర్తిగా తిప్పినా ముందు చక్రాలు కొద్దిగానే తిరుగుతాయి. రావులపాలెం సెంటర్లో యూటర్ను తీసుకోవాలంటే ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించాలి. క్లచ్చి పట్టే చోటు కాగితం మందం. నాలుగుసార్లు ఆడించేసరికి కాలిన వాసన వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నేలకీ కారు పొట్టకీ మధ్య ఉన్న సందు ఒక ఎత్తు. ఒంటి సీటు కార్లలో అది అంగుళం నుంచి రెండంగుళాలు. స్పీడు బ్రేకరు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ఇచ్చింది: 3.7 మీటర్ల పొడవున మెల్లగా లేచి, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు. ఆ లెక్కన కట్టినదాని మీదే రేసు కారు పొట్ట ఆనుతుంది. మన ఊళ్ళలో రాత్రికి రాత్రి రెండు తట్టల కాంక్రీటు పోసి గట్టులా కట్టేస్తారే, దాని ముందు ఇంక చెప్పేదేముంది.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ కొత్తగా చేసిన బండ్ల సంగతి. నా కారుకి ఆర్సీ ఉంది, ఇన్సూరెన్సు ఉంది. దాన్నే రేసు కారులా మార్చుకుంటాను. స్ప్రింగులు కిందికి దించి, వెనక సీటు తీసేసి, లోపల ఇనప గొట్టాల పంజరం కట్టి, సైలెన్సరు తీసి గొట్టం వేయిస్తాను. కారు నాది, డబ్బు నాది. అభ్యంతరమేముంది?
– ఒక యువకుడు, అమలాపురం

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎందుకంటే 1998లో ఇదే మాట ఒక కుర్రాడు నా షెడ్డులో నిలబడి అన్నాడు, నేను సరే అన్నాను.

వాడిది చిన్న పెట్రోలు కారు. స్ప్రింగులు విప్పి, కోత మిషనుతో నాలుగింటికీ తలా రెండు చుట్లు కోశాను. కారు నాలుగు వేళ్ళు కిందికి దిగింది. వెనక సీటు తీసేశాం. సైలెన్సరు లోపలి జల్లెడ గొట్టాలు పీకేసి ఖాళీ డబ్బాలా చేసి మళ్ళీ వెల్డు చేశాను. ఏటిగట్టు మీద ఒక చుట్టు నడిపి వచ్చాడు. వాడి మొహంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. షోలవరం మళ్ళీ చూసినట్టనిపించింది.

మార్గశిరంలో, కోతలయి నూర్పిళ్ళు జరుగుతున్న రోజులు. మన దగ్గర కాలవగట్టు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మీరు చూడందేముంది. సగం రోడ్డు ధాన్యం, దాని చుట్టూ బండ్లు ఎక్కకుండా రాళ్ళ వరస. సాయంత్రం చీకటి పడుతుండగా వాడు అటు వచ్చాడు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే కాస్త ధాన్యం మీదికి తప్పుకున్నాడు. మామూలు ఎత్తున్న కారయితే రాయి చక్రాల మధ్యలోంచి పోయేది. ఈ కారు పొట్ట కిందికి దిగి ఉంది కదా. రాయి సరిగ్గా ఆయిలు చాంబరుకి తగిలింది. చాంబరు పగిలి, కారు పక్కకి కొట్టుకుని, కాలవ రేవు మెట్ల మీద ఆగింది. పిల్లవాడి భుజం ఎముక విరిగింది. ప్రాణానికి ముప్పు రాలేదు.

నేను వెళ్ళేసరికి పెట్రోమాక్స్ లైటు వెలుతురులో ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ధాన్యం వేరుచేస్తోంది. నల్లటి ఇంజన్ ఆయిలు బంగారు రంగు గింజల మధ్య చారలా పాకి ఉంది. ఆవిడ దోసిట్లోకి తీసుకుని వాసన చూస్తోంది, పారేస్తోంది, మళ్ళీ తీసుకుంటోంది. కౌలు చేసుకునే మనిషి. మూడు బస్తాల దాకా పాడయింది. ఆయిలు వాసన ఒక్క గింజకి పట్టినా మిల్లువాడు బస్తా మొత్తం తిప్పి పంపేస్తాడు. కారు ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి కోసిన స్ప్రింగులు చూశారు, ఫొటో తీసుకున్నారు, క్లెయిము లేదన్నారు. ఆవిడ మూడు బస్తాల డబ్బు నేనిచ్చాను. కుర్రాడి దగ్గర తీసుకున్న కూలీ కూడా వాళ్ళ నాన్నకి తిరిగిచ్చేశాను. ఆ కోసిన స్ప్రింగు ముక్కలు ఇప్పటికీ షెడ్డులో మేకుకి వేలాడుతుంటాయి. ఎవరైనా కారు దించమని వస్తే ముందు అవి చూపిస్తాను.

ఇక చట్టం. 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్ పెట్టారు. దాని ప్రకారం అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీరు రాసిన నాలుగూ నాలుగు మార్పులు. రంగు మార్చుకోవడం, అనుమతి ఉన్న సీఎన్జీ కిట్టు పెట్టించుకోవడం లాంటివి ఆర్టీవో ఆఫీసులో చెప్పి, ఆర్సీలో రాయించుకుంటే ఇబ్బంది లేదు.

ఇనప పంజరం గురించి మాత్రం విడిగా చెప్పాలి. అది భద్రత అని అందరూ అనుకుంటారు. రేసులో నిజంగానే భద్రత, ఎందుకంటే అక్కడ తల మీద హెల్మెట్ ఉంటుంది, భుజాల మీంచి బెల్టులు మనిషిని సీటుకి అంటించేస్తాయి. మీరు హెల్మెట్ లేకుండా, మామూలు బెల్టుతో బజారుకి వెళ్తారు. చిన్న గుద్దు తగిలినా తల పక్కకి ఊగి ఆ గొట్టానికి కొట్టుకుంటుంది. కంపెనీ వాళ్ళు మెత్తటి కప్పు ఇచ్చిన చోట మీరు ఇనుము పెట్టినట్టవుతుంది.

ప్రశ్న: పూర్వం రేసులు ఊళ్ళ మధ్య రోడ్ల మీదే జరిగేవని పిల్లలకి చెప్పాను. నమ్మలేదు. అప్పుడు ఎలా కుదిరింది? హైదరాబాదులో ట్యాంకుబండ్ దగ్గర జరిగిన రేసు మాటేమిటి?
– ఒక ఉపాధ్యాయిని, రాజోలు

జవాబు: మీరు చెప్పింది నిజమేనమ్మా, పిల్లలకి ఈ పేజీ చూపించండి. ఇటలీలో 1927 నుంచి 1957 దాకా మిల్లె మిలియా అనే రేసు జరిగేది. బ్రెషా అనే ఊరి నుంచి రోము దాకా వెళ్ళి తిరిగి రావడం, దాదాపు 1,600 కిలోమీటర్లు, అంతా మామూలు రోడ్ల మీదే. 1955లో స్టెర్లింగ్ మాస్ మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కారులో 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటున గంటకి 157 కిలోమీటర్లు. కారు మీద 722 అని అంకె. అంటే పొద్దున 7 గంటల 22 నిమిషాలకి బయల్దేరిన బండి అని. పక్క సీట్లో డెనిస్ జెంకిన్సన్ అనే విలేకరి కూర్చున్నాడు. ఏ మలుపు ఎలాంటిదో ముందే వెళ్ళి చూసి పొడవాటి కాగితపు చుట్ట మీద రాసుకుని, దాన్ని పెట్టెలో తిప్పుకుంటూ చేతి సైగలతో చెప్పాడు. ఆ చప్పుడులో మాట వినపడదు కదా.

ఆ కారు కుటుంబంలోదే ఇంకొకటి, పైకప్పున్నది, రెండే రెండు చేశారు. కంపెనీ రేసుల నుంచి తప్పుకున్నాక ఇంజనీరు రుడాల్ఫ్ ఉలెన్‌హౌట్ అందులో ఒకదానికి పెద్ద సైలెన్సరు తగిలించి ఆఫీసుకి వేసుకెళ్ళేవాడు. ఆ రెండిట్లో ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకి అమ్ముడుపోయింది.

పిల్లలకి రెండో సగం కూడా చెప్పండి. 1957 మే 12న, గమ్యం ఇంక కాసేపట్లో వస్తుందనగా, గ్విదిజ్జోలో అనే పల్లె దగ్గర డి పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. కారు ఎగిరి జనంలో పడింది. అతనూ, పక్కనున్న నెల్సనూ, రోడ్డు పక్క నిలబడి చూస్తున్న తొమ్మిదిమందీ చనిపోయారు. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు పిల్లలు. ఆ రేసు అక్కడితో ఆగిపోయింది.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు, వేరు. హుస్సేన్‌సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల రోడ్డుని ప్రభుత్వమే మూసి, రెండువైపులా కాంక్రీటు గోడలు నిలిపి, పైన ఇనప జాలీ కట్టింది. ఆ రోజుకి అది మన రోడ్డు కాదు, ట్రాకు. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పందెం పెట్టుకుంటే 189వ సెక్షన్ ఉంది: మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. కొత్త వంతెన మీద అర్ధరాత్రి పందేలు వేసే మన కుర్రాళ్ళకి ఇది ఎవరైనా చదివి వినిపించాలి.

ప్రశ్న: అయితే పందెంలో పాల్గొనే కారు చట్టప్రకారం రోడ్డు మీద తిరిగే మార్గం అసలు లేదా?
– కొబ్బరి వ్యాపారి కొడుకు, కొత్తపేట

జవాబు: ఉంది. ర్యాలీ. ఇది నేను ఎవరికి చెప్పినా కళ్ళు పెద్దవి చేస్తారు. ర్యాలీలో అసలు పోటీ మూసేసిన దారుల మీద, ముక్కలు ముక్కలుగా జరుగుతుంది. ఒక ముక్క అయ్యాక ఇంకో ముక్క మొదలయ్యే చోటికి కారు తనంతట తాను మామూలు రోడ్డు మీద వెళ్ళాలి. అందుకని ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారుకి కూడా నంబరు ప్లేటు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారను ఉంటాయి. ఇప్పుడే మట్టిరోడ్డు మీద గాల్లోకి ఎగిరిన డ్రైవరు, అయిదు నిమిషాల తర్వాత ఎర్ర లైటు దగ్గర పాల వ్యాను వెనక ఆగి ఉంటాడు. అక్కడ వేగం మీరితే నిర్వాహకులే శిక్ష వేస్తారు. మన దేశంలోనూ జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ ఉంది. ఎఫ్ఎమ్ఎస్‌సీఐ అనే సమాఖ్య దాన్ని చూస్తుంది, పోటీ లైసెన్సు కూడా వాళ్ళే ఇస్తారు. ముందు మామూలు డ్రైవింగు లైసెన్సు తీసుకోండి, ఆనక నావిగేటరుగా మొదలుపెట్టండి. కాగితం చదివి దారి చెప్పడం వచ్చినవాడికి దారి నడపడం తొందరగా వస్తుంది.

ట్రాకు మీద ఒంటి సీటు కార్లే కావాలంటే చెన్నై దగ్గరా, కోయంబత్తూరులోనూ శిక్షణ ఉంది. 1988లో కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజన్లతో ఫార్ములా మారుతి కార్లు చేశారు. మామూలు కారు ఇంజనుతో సామాన్యుడి పిల్లలు కూడా రేసు నడపొచ్చని చూపించిన మనిషి ఆయన. కరి స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

ప్రశ్న: మా డీసీఎం వ్యానుకి ఒక కిరాయి వచ్చింది. కాలేజీ పిల్లల రేసు కారు కోయంబత్తూరు చేర్చాలట. ఇంత కింద ఉన్న బండిని ఎలా ఎక్కించాలి, ఎలా కట్టాలి?
– వ్యాను యజమాని, మండపేట

జవాబు: పలకలు వేసి ఎక్కించొద్దు, ముక్కు తగిలి విరుగుతుంది. మీ ఊళ్ళో రైసు మిల్లులున్నాయి కదా, బస్తాలు ఎక్కించే దిమ్మ వ్యాను తొట్టెతో సమానంగా ఉంటుంది. కారుని నలుగురూ ఎత్తి ముందు దిమ్మ మీద పెట్టి, అక్కణ్ణించి చదునుగా వ్యానులోకి తోయండి. ఇంజను వెయ్యొద్దు. పెట్రోలు తీసేసి, బ్యాటరీ వైరు విప్పించండి. చక్రాల ముందూ వెనకా చెక్క ముక్కలు మేకులతో దిగ్గొట్టండి. పట్టీలు చక్రాల మీంచి వేసి బిగించాలి. సస్పెన్షన్ చేతులకీ, రెక్కలకీ కట్టారంటే దారిలో గుంతలకి వంగిపోతాయి, పిల్లలు ఏడాదంతా చేసిన పని పోతుంది. బరకం కప్పేటప్పుడు కింద పాత దుప్పటి వేయండి, లేకపోతే గాలికి కొట్టుకుని రంగు గీసుకుపోతుంది. కాలేజీ ప్రిన్సిపాలు సంతకంతో, ఇది రిజిస్ట్రేషన్ లేని పోటీ బండి, సరుకుగా తీసుకెళ్తున్నాం అని ఒక ఉత్తరం డ్రైవరు దగ్గర ఉంచండి. పట్టీలు మొదటి పాతిక, ముప్పై కిలోమీటర్లలోనే సాగి వదులవుతాయి. సిద్ధాంతం వంతెన దాటాక బండి ఒకసారి పక్కకి ఆపి, నాలుగూ చేత్తో లాగి చూసుకుని మళ్ళీ బిగించండి.